టర్బో పికప్‌కు కొత్త ఎయిర్ ఇన్‌టేక్ పెడితే పవర్ పెరుగుతుందా? సౌండ్ విని మోసపోకుండా ఇలా టెస్ట్ చేసుకోండి!

టర్బో ఇంజిన్ ఉన్న పికప్ ట్రక్‌కు కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తీసేసి, బయట కొన్న ఇన్‌టేక్ కిట్ బిగిస్తే పవర్ పెరుగుతుందా? యాక్సెసరీస్ షాపులో అడిగితే పెరుగుతుందనే చెప్తారు. బిగించాక యాక్సిలరేటర్ తొక్కితే టర్బో విజిల్ కూడా గట్టిగానే వినిపిస్తుంది. బండి ముందుకు దూకుతున్నట్టే అనిపిస్తుంది. కానీ చెవికి వినిపించేది వేరు, చక్రాల దగ్గరికి చేరేది వేరు. వేలకు వేలు పెట్టి కొన్న కిట్ నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది తేల్చాలంటే ఒక్కటే దారి.. ముందు కొలవాలి, తర్వాత కొలవాలి, రెండుసార్లూ ఒకే పరిస్థితుల్లో కొలవాలి. అది ఎలాగో, ఎక్కడ లెక్క తప్పుతారో ఈ స్టోరీలో వివరంగా చూద్దాం.

శ్రీసిటీలో తయారయ్యే బండితోనే మొదలుపెడదాం

మన దగ్గర పికప్ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చే పేర్లు రెండు. ఒకటి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, రెండోది టయోటా హైలక్స్. వీటిలో వీ-క్రాస్ తయారయ్యేది తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ప్లాంట్‌లోనే. ఈ ప్లాంట్ 2016లో మొదలైంది. ఇప్పుడున్న వీ-క్రాస్‌లో 1.9 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్ ఉంటుంది. కంపెనీ చెప్పే పవర్ 163 పీఎస్, టార్క్ 360 న్యూటన్ మీటర్లు. 2022లో మన మార్కెట్‌లోకి వచ్చిన హైలక్స్‌లో 2.8 లీటర్ల టర్బో డీజిల్ ఉంది. దాని పవర్ 204 పీఎస్. టార్క్ మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్లు.

రెండింటిలోనూ ఉన్నది వేరియబుల్ జామెట్రీ టర్బోనే. అంటే ఎగ్జాస్ట్ గ్యాస్ టర్బైన్‌ను తాకే కోణాన్ని చిన్న చిన్న రెక్కలు మారుస్తుంటాయి. ఆ రెక్కలను కదిలించేది ఇంజిన్ కంప్యూటర్.. అదే ఈసీయూ. మన ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

అసలు గాలి ఎలా వెళ్తుంది?

ముందు గ్రిల్ వెనకాల ఉండే గొట్టం నుంచి గాలి లోపలికొస్తుంది. ఫిల్టర్ బాక్స్‌లో దుమ్ము ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎయిర్ ఫ్లో సెన్సర్ దాటి టర్బో కంప్రెసర్‌లోకి వెళ్తుంది. కంప్రెసర్ గాలిని నొక్కుతుంది. నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్‌లో చల్లబడి, ఆ తర్వాత సిలిండర్లలోకి చేరుతుంది.

వీ-క్రాస్ ఇంజిన్ సైజు 1898 సీసీ. నాలుగు స్ట్రోక్‌ల ఇంజిన్ కాబట్టి క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఆ మొత్తం సైజు నిండుతుంది. 3600 ఆర్పీఎం దగ్గర అంటే నిమిషానికి 1800 సార్లు. టర్బో లేకపోతే నిమిషానికి సుమారు 3400 లీటర్లు. టర్బో గాలిని దాదాపు రెట్టింపు చేసి కుక్కుతుంది కాబట్టి, ఫుల్ లోడ్‌లో బయట నుంచి పీల్చే గాలి నిమిషానికి 6 నుంచి 7 వేల లీటర్ల దాకా ఉంటుంది. సెకనుకు సుమారు 100 లీటర్లు!

ఇంత గాలి ఫిల్టర్ గుండా వెళ్లేటప్పుడు కాస్త అడ్డంకి తప్పదు. దాంతో ఫిల్టర్ తర్వాత ప్రెజర్ కొంచెం తగ్గుతుంది. ఇన్‌టేక్ కిట్లు అమ్మేవాళ్లు చెప్పే పాయింట్ ఇదే. 'మా కిట్‌లో అడ్డంకి తక్కువ, అందుకే పవర్ ఎక్కువ' అంటారు. మొదటి సగం నిజం కావొచ్చు. రెండో సగం దగ్గరే అసలు మెలిక ఉంది.

టార్గెట్ పెట్టేది ఈసీయూ.. ఫిల్టర్ కాదు

టర్బో లేని ఇంజిన్‌లో ఫిల్టర్ దగ్గర పోయిన ప్రెజర్ నేరుగా సిలిండర్‌లో తగ్గుతుంది. టర్బో ఇంజిన్‌లో అలా కాదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఎంత ప్రెజర్ ఉండాలో ఈసీయూ ముందే టార్గెట్ పెట్టుకుంటుంది. సెన్సర్‌తో చూసుకుంటూ, తక్కువైతే టర్బో రెక్కలను మూసి స్పీడ్ పెంచుతుంది. ఎక్కువైతే తెరిచి తగ్గిస్తుంది. అంటే ఫిల్టర్ కాస్త అడ్డుపడినా, కాస్త ఫ్రీ అయినా సిలిండర్‌కు చేరే ప్రెజర్ దాదాపు అంతే. మారేది టర్బో పడే కష్టం మాత్రమే.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఇవి అర్థం కావడానికి తీసుకున్న అంకెలు. బయట గాలి ప్రెజర్ 101.3 కిలోపాస్కల్స్. ఫుల్ లోడ్‌లో కంపెనీ ఫిల్టర్ బాక్స్ దగ్గర 3 కిలోపాస్కల్స్ పోతున్నాయి అనుకుందాం. కొత్త కిట్‌తో ఆ నష్టం సగానికి, అంటే 1.5కు తగ్గింది అనుకుందాం. టర్బో నుంచి ఈసీయూ కోరుతున్నది మొత్తం 240 కిలోపాస్కల్స్. అప్పుడు పాత బాక్స్‌తో టర్బో గాలిని 2.44 రెట్లు నొక్కాలి. కొత్త కిట్‌తో 2.40 రెట్లు నొక్కితే చాలు. తేడా ఒకటిన్నర శాతం.

బయట 35 డిగ్రీలున్న రోజు, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, టర్బో నుంచి బయటకొచ్చే గాలి వేడిలో తేడా 2 నుంచి 3 డిగ్రీలే. అదీ ఇంటర్‌కూలర్‌కు ముందు. దాన్ని దాటాక ఆ తేడా ఇంకా కరిగిపోతుంది. అడ్డంకి సగానికి తగ్గితేనే పరిస్థితి ఇది!

డీజిల్‌లో ఇంకో మెలిక

పెట్రోల్ ఇంజిన్‌లో గాలిని బట్టి ఇంధనం పడుతుంది. డీజిల్‌లో పవర్‌ను నిర్ణయించేది ప్రధానంగా ఎంత డీజిల్ కొట్టారన్నదే. గాలి మామూలుగానే అవసరానికి మించి ఉంటుంది. కంపెనీ సెట్టింగ్‌లోనే ఉన్న బండికి ఎక్కువ గాలి ఇచ్చినంత మాత్రాన ఈసీయూ ఎక్కువ డీజిల్ కొట్టదు. డీజిల్ పెరగకపోతే పవర్ ఎక్కడి నుంచి వస్తుంది?

'టాప్ పవర్ సంగతి సరే, కింద ఆర్పీఎంలో పికప్ పెరుగుతుంది కదా' అని కొందరు అడుగుతారు. ఇక్కడా లెక్క అడ్డుతగులుతుంది. గాలి వేగం సగమైతే ఫిల్టర్ దగ్గర ప్రెజర్ నష్టం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పైన చెప్పుకున్న 3 కిలోపాస్కల్స్ కాస్తా 0.75కు వచ్చేస్తుంది. అంటే గాలి తక్కువ పీల్చే కింది ఆర్పీఎంలో కంపెనీ బాక్స్ అసలు అడ్డంకే కాదు. లేని అడ్డంకిని తీసేసి లాభం పొందడం ఎలా?

మరి తేడా ఎందుకు అనిపిస్తుంది?

బిగించుకున్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు నిజంగానే తేడా అనిపిస్తుంది. దానికి కారణాలు మూడున్నాయి.

మొదటిది సౌండ్. కంపెనీ బాక్స్‌లో, గొట్టాల్లో శబ్దాన్ని మింగేసే ఖాళీ గదులుంటాయి. అవి తీసేసి ఓపెన్ ఫిల్టర్ పెడితే టర్బో విజిల్, గాలి పీల్చే శబ్దం క్యాబిన్‌లోకి వచ్చేస్తాయి. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు అనిపించడం సహజం.

రెండోది పాత ఫిల్టర్. చాలామంది 20, 30 వేల కిలోమీటర్లు తిరిగి దుమ్ము పట్టిన ఫిల్టర్ తీసేసి కొత్త కిట్ పెడతారు. అప్పుడు వచ్చిన తేడా కిట్‌ది కాదు, కొత్త ఫిల్టర్‌ది. అదే కంపెనీ పేపర్ ఫిల్టర్ కొత్తది వేసినా ఆ తేడా కనిపించేది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో ఎయిర్ ఫిల్టర్ల మీద ఒక స్టడీ చేసింది. కంప్యూటర్ కంట్రోల్ ఉన్న పెట్రోల్ కార్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా మైలేజీ పెద్దగా మారలేదని, యాక్సిలరేషన్ మాత్రం మందగించిందని అందులో తేలింది. కాబట్టి 'ఇన్‌టేక్ పెట్టాక మైలేజీ పెరిగింది' అనే మాటను కూడా కాస్త ఆలోచించే నమ్మాలి.

మూడోది వాతావరణం. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో షాపుకు వెళ్లి, సాయంత్రం చల్లబడ్డాక ఇంటికి డ్రైవ్ చేస్తే ఏ బండైనా హుషారుగానే ఉంటుంది.

టెస్ట్ 1: నీళ్ల గొట్టంతో కొలవండి

కిట్ కొనడానికి ముందే చేయాల్సిన టెస్ట్ ఇది. కంపెనీ బాక్స్ నిజంగా అడ్డుపడుతోందా లేదా అన్నది ఇందులో తేలిపోతుంది. తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకునే ట్రాన్స్‌పరెంట్ పైపు ఉంటుంది కదా, సూత్రం అదే. పైపును 'యూ' ఆకారంలో వంచి, సగం వరకు రంగు నీళ్లు పోస్తారు. ఒక కొసను ఫిల్టర్‌కు, టర్బోకు మధ్యలో ఉన్న గొట్టానికి కలుపుతారు. రెండో కొస గాలికి వదిలేస్తారు. ఇంజిన్ పీల్చేకొద్దీ ఒకవైపు నీళ్లు పైకి లేస్తాయి. రెండు వైపులా నీటి మట్టంలో 10 సెంటీమీటర్ల తేడా వస్తే సుమారు 1 కిలోపాస్కల్ నష్టం ఉన్నట్టు. 30 సెంటీమీటర్లు వస్తే 3.

జాగ్రత్త.. పైపు పొట్టిగా ఉంటే నీళ్లు ఇంజిన్‌లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే ఇప్పుడు చాలామంది మెకానిక్‌లు వాడే డిజిటల్ మానోమీటర్ మంచిది. ఫుల్ లోడ్‌లో కొలిస్తేనే లెక్క. న్యూట్రల్‌లో రేస్ చేసి చూస్తే టర్బో మీద లోడ్ పడదు, గాలి అంత వెళ్లదు, రీడింగ్‌కు అర్థం ఉండదు. రోడ్డు మీద కాకుండా డైనో మీద చేయించడం సేఫ్.

ట్రాక్టర్లు, లారీలు నడిపేవాళ్లకు ఇది కొత్త కాదు. ఫిల్టర్ మూసుకుపోతే ఎరుపు రంగు చూపించే చిన్న ఇండికేటర్ వాటికి ఉంటుంది. అది కొలిచేది కూడా ఈ ప్రెజర్ నష్టాన్నే. చాలా పెద్ద డీజిల్ ఇంజిన్లలో నష్టం సుమారు 6 కిలోపాస్కల్స్ దాటితేనే ఫిల్టర్ మార్చమంటారు. మీ బండిలో కొత్త పేపర్ ఫిల్టర్‌తో రీడింగ్ 2, 3 దగ్గరే ఉందంటే అక్కడ గెలుచుకోవడానికి పెద్దగా ఏమీ లేదన్నమాట. కిట్ ఎంత ఖరీదైనదైనా సున్నా కన్నా కిందికి తగ్గించలేదు కదా.

టెస్ట్ 2: ఈసీయూ ఏం చెబుతోందో చూడండి

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కు స్కానర్ పెడితే ఈసీయూ లెక్కలు కనిపిస్తాయి. ఇక్కడ చూడాల్సినవి నాలుగు.. ఈసీయూ కోరుకున్న బూస్ట్ ప్రెజర్, నిజంగా వచ్చిన బూస్ట్ ప్రెజర్, లోపలికి వెళ్లే గాలి వేడి, ఎయిర్ ఫ్లో సెన్సర్ రీడింగ్. కోరుకున్న బూస్ట్ అంకె అన్ని చవక స్కానర్లలో కనిపించదు. సర్వీస్ సెంటర్లలో వాడే స్కానర్ అయితే చూపిస్తుంది.

ఫుల్ లోడ్‌లో కోరుకున్న బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండూ ఒకేలా ఉన్నాయంటే కంపెనీ ఇన్‌టేక్ తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టే. అలాంటప్పుడు గాలి ఎక్కువిచ్చినా తీసుకునేవాళ్లు లేరు. పై ఆర్పీఎంలో టార్గెట్ అందుకోలేక బూస్ట్ పడిపోతుంటే మాత్రం ఎక్కడో సమస్య ఉంది. అదీ ఫిల్టరే అయి ఉండాలని లేదు. ఇంటర్‌కూలర్ పైపు లీక్ కావొచ్చు, టర్బో రెక్కలు మసి పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. ముందు దాన్ని చూపించుకోవాలి.

ఇక ఎయిర్ ఫ్లో సెన్సర్ దగ్గర ఒక కిటుకు ఉంది. ఈ సెన్సర్ తన దగ్గర గాలి ఎంత వేగంగా వెళ్తోందో చూసి, గొట్టం సైజును బట్టి మొత్తం గాలిని లెక్కేస్తుంది. కొత్త కిట్‌లో గొట్టం వెడల్పు మారినా, సెన్సర్ ముందు వంపు మారినా గాలి అంతే వెళ్తున్నా రీడింగ్ మారిపోతుంది. కాబట్టి సెన్సర్ అంకె పెరిగిందని గాలి పెరిగినట్టు కాదు. పైగా ఆ తప్పు లెక్కను నమ్మి ఈసీయూ ఎగ్జాస్ట్ గ్యాస్‌ను వెనక్కి పంపే ఈజీఆర్‌ను తప్పుగా నడిపితే పొగ, మసి పెరుగుతాయి. బీఎస్-6 బండ్లలో ఆ మసి అంతా చేరేది డీపీఎఫ్ ఫిల్టర్‌లోకే.

టెస్ట్ 3: డైనో.. ఇక్కడే ఎక్కువ మాయ జరిగేది

బండిని రోలర్ల మీద ఎక్కించి చక్రాల దగ్గర పవర్ కొలిచే మెషీన్‌నే డైనో అంటారు. ముందుగా ఒక మాట. కంపెనీ చెప్పే 163 పీఎస్ ఇంజిన్ దగ్గరిది. గేర్‌బాక్స్, యాక్సిల్ దాటి చక్రాలకు చేరేసరికి అంకె తగ్గుతుంది. కాబట్టి డైనో షీట్‌ను కంపెనీ అంకెతో పోల్చకూడదు. అదే డైనో మీద, అదే రోజు, మార్పుకు ముందు వచ్చిన అంకెతోనే పోల్చాలి.

పద్ధతి ఇదీ. ముందు కంపెనీ బాక్స్‌లో కొత్త పేపర్ ఫిల్టర్ వేయాలి. దాంతో కనీసం మూడు రన్‌లు తీయాలి. తర్వాత కిట్ బిగించి మూడు రన్‌లు. అక్కడితో ఆపేయకూడదు. మళ్లీ కంపెనీ బాక్స్ పెట్టి ఇంకో మూడు రన్‌లు తీయాలి. ఈ చివరి మూడే చాలామంది వదిలేస్తారు. అసలు విషయం తేల్చేది మాత్రం అవే.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. మొదట కంపెనీ బాక్స్‌తో 134, 135, 136 పీఎస్ వచ్చాయి అనుకోండి. కిట్‌తో 136, 137, 137 వచ్చాయి. ఇక్కడ ఆపితే 'రెండు పీఎస్ పెరిగింది' అంటారు. కానీ మళ్లీ కంపెనీ బాక్స్ పెడితే 137, 136, 137 వచ్చాయనుకోండి, అప్పుడేంటి? పెరిగింది కిట్ వల్ల కాదు. గేర్ ఆయిల్, టైర్లు వేడెక్కి లాగుడు తేలికైంది, అంతే. ఒకే బండి వరుస రన్‌లలో ఒకటి, రెండు శాతం తేడా రావడం మామూలే. 137 పీఎస్‌లో రెండు శాతం అంటే దాదాపు 3 పీఎస్. ఒక్కో రన్ తీసి చూపించే 3 పీఎస్ లాభానికి అందుకే విలువ లేదు.

ప్రతి రన్‌కూ ఇవి ఒకేలా ఉండాలి: గేర్, మొదలుపెట్టే ఆర్పీఎం, టైర్లలో గాలి, బండిని కట్టే బెల్టుల బిగువు, కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి. ఏసీ ఆఫ్‌లో ఉండాలి. ముందు పెట్టే ఫ్యాన్ స్థలం, స్పీడ్ మారకూడదు. వీ-క్రాస్ లాంటి బండిని వెనక చక్రాల డైనో మీద నడిపేటప్పుడు టూ వీల్ డ్రైవ్ మోడ్‌లోనే ఉంచాలి. బానెట్ ఒకసారి తెరిచి, ఒకసారి మూసి తీసిన షీట్లను పోల్చడం అస్సలు కుదరదు.

షీట్ మీద 4 శాతం ఎలా పుట్టుకొస్తుంది?

డైనో సాఫ్ట్‌వేర్ ఆ రోజు వాతావరణాన్ని బట్టి అంకెను సరిచేస్తుంది. దీన్ని కరెక్షన్ అంటారు. ఎస్ఏఈ జే1349 అనే పద్ధతి 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్ పొడి గాలిని ఆధారంగా తీసుకుంటుంది. షీట్ల మీద ఎస్టీడీ అని కనిపించే పాత పద్ధతి సుమారు 15.5 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్స్‌ను తీసుకుంటుంది. ఒకే రన్‌ను రెండో పద్ధతిలో ప్రింట్ చేస్తే అంకె దాదాపు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. ముందు షీట్ ఒక పద్ధతిలో, తర్వాతి షీట్ ఇంకో పద్ధతిలో ఇస్తే బండిని ముట్టుకోకుండానే 5 పీఎస్ పెరిగిపోతుంది!

టర్బో బండ్లకు ఇంకో సమస్య ఉంది. టర్బో లేని ఇంజిన్ల కోసం రాసిన కరెక్షన్‌ను వీటికి పెడితే లెక్క తప్పుతుంది. గాలి పల్చబడితే టర్బో తానే ఎక్కువ తిరిగి చాలావరకు సర్దుకుంటుంది కాబట్టి, దానికి మళ్లీ పవర్ కలిపితే ఒకే పనికి రెండుసార్లు కూలి ఇచ్చినట్టే. అందుకే కరెక్షన్ లేని షీట్ అడగండి. దాంతో పాటు ప్రతి రన్ సమయంలో గది వేడి, గాలి ప్రెజర్ ఎంతో కూడా రాయించుకోండి.

వేడి గాలి దెబ్బ

డైనో మీద బానెట్ తెరిచి, ముందు పెద్ద ఫ్యాన్ పెడితే ఓపెన్ ఫిల్టర్‌కు చల్లటి గాలి బాగానే అందుతుంది. రోడ్డు మీద ఆ సుఖం ఉండదు. బానెట్ కింద రేడియేటర్, టర్బో, ఎగ్జాస్ట్ వేడి అంతా అక్కడే ఉంటుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల ఎండల్లో ట్రాఫిక్‌లో ఆగితే ఆ ఫిల్టర్ పీల్చేది వేడి గాలినే. 35 డిగ్రీల గాలి 45 డిగ్రీలైతే దాని సాంద్రత 3 శాతానికి పైగా తగ్గుతుంది. అడ్డంకి తగ్గించి సంపాదించినదాని కన్నా ఇక్కడ పోగొట్టుకునేది ఎక్కువ. కంపెనీ బాక్స్ గ్రిల్ దగ్గర నుంచి బయటి గాలి తీసుకునేది ఇందుకే. కిట్ కొనాలనుకుంటే కనీసం మూతతో పూర్తిగా మూసి ఉండి, బయటి గాలి పీల్చే రకాన్ని చూసుకోవాలి. బిగించాక ఓబీడీలో ఇన్‌టేక్ గాలి వేడిని బయటి వేడితో పోల్చి చూస్తే విషయం తెలిసిపోతుంది.

అసలు ఖర్చు దుమ్ము దగ్గర

పవర్ రెండు పీఎస్ పెరిగినా, పెరగకపోయినా పెద్ద నష్టం లేదు. ఫిల్టర్ చేయాల్సిన అసలు పని దుమ్ము ఆపడం. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో, సింగరేణి గనుల చుట్టుపక్కల, పొలం గట్ల మీద తిరిగే పికప్‌లకు ఇదే ప్రాణం. రాయి దుమ్ము లోపలికి పోతే టర్బో కంప్రెసర్ రెక్కల అంచులు అరుగుతాయి. సిలిండర్ గోడలు, పిస్టన్ రింగులు గీసుకుపోతాయి. ఆయిల్ తాగడం, పొగ రావడం మొదలయ్యాక బాగుచేయించాలంటే ఖర్చు లక్షల్లోనే.

ఫిల్టర్ ఎంత దుమ్ము ఆపుతుందో కొలవడానికి ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ టెస్ట్ ఉంది. కొలత తెలిసిన దుమ్మును ఊది, ఎంత ఆగింది, ఎంత దాటింది, అడ్డంకి ఎంత పెరిగింది అని చూస్తారు. ఇక్కడ అంకెలు చదవడంలోనే ఉంది మోసం. ఒక ఫిల్టర్ 99.5 శాతం, ఇంకొకటి 98.5 శాతం దుమ్ము ఆపుతాయనుకోండి. వినడానికి ఒక్క శాతమే తేడా. కానీ 100 గ్రాముల దుమ్ములో మొదటిది అర గ్రాము వదిలితే రెండోది ఒకటిన్నర గ్రాము వదులుతుంది. అంటే ఇంజిన్ మింగే దుమ్ము మూడు రెట్లు! మామూలుగా ఒకే సైజు ఫిల్టర్‌లో గాలి మరీ సులువుగా పోతోందంటే దుమ్ము కూడా అంతే సులువుగా పోయే వీలుంది. అందుకే కిట్ అమ్మేవాళ్లను పవర్ షీట్ కన్నా ముందు ఐఎస్ఓ 5011 రిపోర్ట్ అడగాలి.

నూనె రాసే కాటన్ ఫిల్టర్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కడిగాక నూనె ఎక్కువ రాస్తే అది గాలితో పాటు వెళ్లి ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద పేరుకునే అవకాశం ఉంది. తక్కువ రాస్తే దుమ్ము దాటిపోతుంది. మరోవైపు పేపర్ ఫిల్టర్‌ను ప్రతి వారం కంప్రెసర్ గాలితో గట్టిగా ఊదడం కూడా మంచిది కాదు. పేపర్‌లో కంటికి కనిపించని చిల్లులు పడతాయి.

వానాకాలం మాటేంటి? కొన్ని కిట్లలో గాలి తీసుకునే మూతి కంపెనీ బాక్స్ కన్నా కిందికి దిగుతుంది. నీళ్లు నిలిచిన రోడ్డులోకి దిగినప్పుడు ఆ నీళ్లు సిలిండర్‌లోకి చేరితే పిస్టన్ నీటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కిట్ బిగించే ముందు పాత మూతి ఎత్తు, కొత్త మూతి ఎత్తు టేపుతో కొలుచుకోవడం రెండు నిమిషాల పని.

అమెరికాలో పరిస్థితి వేరా?

ఈ కిట్ల మోజు ఎక్కువగా వచ్చింది అమెరికా పికప్‌ల నుంచే. టెక్సస్ లాంటి చోట్ల ఉంటున్న మనవాళ్లలోనూ ఫోర్డ్ ఎఫ్-150 నడిపేవాళ్లు ఉన్నారు. దాని 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ట్విన్ టర్బో పెట్రోల్ ఇంజిన్ 2011 మోడల్‌లో 365 హార్స్‌పవర్‌తో వచ్చి, 2021 మోడల్ నాటికి 400కు చేరింది. పెట్రోల్ కాబట్టి చల్లటి గాలి అందితే స్పార్క్ టైమింగ్ కాస్త మెరుగుపడే వీలుంది. కానీ బూస్ట్ టార్గెట్ ఈసీయూదే అన్న సూత్రం అక్కడా అదే. కాబట్టి టెస్ట్ పద్ధతి కూడా ఇదే. కాలిఫోర్నియాలో అయితే రోడ్డు మీద వాడే ఇన్‌టేక్ కిట్‌కు అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఉండాలి.

మన దగ్గర రూల్స్ ఏం చెబుతున్నాయి?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్సీలోని అంశాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పులకు 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల ఫైన్, లేదా రెండూ పడొచ్చు. అదే సైజులో కంపెనీ బాక్స్‌లో కూర్చునే ఫిల్టర్ మార్చడం వేరు. మొత్తం ఇన్‌టేక్ మార్చి, దానికి తోడు ఈసీయూ రీమ్యాప్ చేసి పవర్ పెంచడం వేరు. రెండోది చేయించే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది. వారంటీలో ఉన్న బండైతే బుక్‌లెట్‌లో బయటి పార్టుల గురించి ఏం రాశారో చదవండి. టర్బో పాడైతే ముందు చూసేది ఫిల్టర్ బాక్స్‌నే.

మరి ఎవరికి పనికొస్తుంది?

ఇన్‌టేక్ కిట్ ఎప్పుడూ దండగే అనలేం. రీమ్యాప్, పెద్ద టర్బో లాంటి మార్పులతో ఇంజిన్ పీల్చే గాలి పెరిగినప్పుడు లెక్క మారుతుంది. గాలి 20 శాతం పెరిగితే ఫిల్టర్ దగ్గర నష్టం సుమారు 44 శాతం పెరుగుతుంది. అప్పుడు కంపెనీ బాక్స్ నిజంగానే ఇరుకవుతుంది. ట్రాక్ మీద, ర్యాలీల్లో నడిపేవాళ్లకు అందుకే ఇది అవసరం. సౌండ్ ఇష్టమై పెట్టుకుంటే అది ఎవరి సరదా వాళ్లది. దాన్ని సౌండ్ కోసమే అని తెలిసి కొనుక్కుంటే గొడవే లేదు.

రోజూ ఊళ్లో తిరుగుతూ, లోడ్ వేసుకుంటూ, కంపెనీ సెట్టింగ్‌లోనే ఉన్న పికప్‌కు మాత్రం వరుస ఇలా ఉండాలి. ముందు కంపెనీ పేపర్ ఫిల్టర్ కొత్తది వేయండి. గొట్టాలు, క్లిప్పులు లీక్ లేకుండా చూపించుకోండి. ప్రెజర్ నష్టం కొలిపించండి. కోరిన బూస్ట్ వస్తోందో లేదో స్కానర్‌లో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా కిట్ కొనాలనిపిస్తే షాపులో మూడు ప్రశ్నలు అడగండి: ఐఎస్ఓ 5011 రిపోర్ట్ ఉందా? మా మోడల్ మీదే, ఒకే రోజు, మళ్లీ పాత బాక్స్ పెట్టి తీసిన రన్‌లతో కలిపి డైనో షీట్లు ఉన్నాయా? అవి ఏ కరెక్షన్‌తో ప్రింట్ చేశారు? మూడింటికీ కాగితం చూపిస్తే కొనడం గురించి ఆలోచించొచ్చు. 'ఒకసారి నడిపి చూడండి సార్, మీకే తెలుస్తుంది' అంటే మాత్రం.. అక్కడ తెలిసేది సౌండ్ ఒక్కటే!